ఏడో వాడలో సున్నా

నమోదు 1
వేసవి 71వ రోజు, సాయంత్రం 7:30

ఈ మధ్యాహ్నం 2 గంటల 17 నిమిషాలకు ఏడో వాడలో చల్లగాలి ఆగిపోయింది. అదే నిమిషంలో వాడ తలుపు బిగుసుకుంది. 3 గంటల 34 నిమిషాలకు గునపాలతో తలుపు పెకలించేసరికి, లోపల నిద్రపోతున్న పందొమ్మిది మందిలో ముగ్గురు చనిపోయి ఉన్నారు.

వడ్డె ఉలిగమ్మ, అరవై ఒక్క ఏళ్లు, నాపరాళ్లకు పాలిష్ పట్టే పని. షేక్ ఖాజావలి, ఇరవై ఎనిమిదేళ్లు, రాయి కోసే పని. అతని కూతురు షమీమ, రెండేళ్ల నాలుగు నెలలు.

మా గనిలో వేసవి మధ్యాహ్నం అంటే అందరూ గాఢ నిద్రలో ఉండే వేళ. పొద్దు వాలాక పైకి వెళ్లి రాయి కోస్తారు. పొద్దెక్కేలోపు దిగి, భూమి కింద రాయి తొలిచి కట్టిన వాడల్లో పడుకుంటారు. పై తలుపు దాటితే ఈరోజు నీడలో 53 డిగ్రీలు. వాడల పైకప్పు మూడడుగుల రాయి. చల్లగాలి ఆగితే ఆ రాయి పెనంలా కాలుతుంది.

గనిలోని గోడపత్రికకు వార్తలు రాసే నేను 3:10కి అక్కడికి చేరాను. 2:40 నుంచి లోపలి వాళ్లు తలుపు కొట్టారట. ఎక్కడో పలకలు దించుతున్న చప్పుడనుకుని పక్క వాడ వాళ్లు ఒత్తిగిలి పడుకున్నారు. అది తలుపు చప్పుడని వాళ్లు గుర్తించి లేచింది 3:02కి. నేను వెళ్లేటప్పటికి లోపలి నుంచి కొట్టడం ఆగిపోయింది. మేస్త్రి బోయ ఓబులేసు, మరో అయిదుగురు గునపాలు వేసి లాగుతున్నారు. తలుపు మీది పలకలో ఆకుపచ్చ అక్షరాలు వెలుగుతున్నాయి: లోపల: 0.

6:00 గంటలకు గాలి ఆఫీసు నోటీసు అంటించింది. అందులో మూడే వాక్యాలు. "ఏడో వాడ స్క్రిప్టులోని లోపం వల్ల ప్రమాదం జరిగింది. స్క్రిప్టు రాసిన దూదేకుల హుసేనమ్మను అదుపులోకి తీసుకోవడమైనది. గుండె సక్రమంగా పనిచేసింది."

గుండె అంటే గని గాలి మొత్తాన్ని నడిపే ప్రోగ్రాం. అనిలోదయ సంస్థ దాన్ని కంపైల్ చేసి, నల్లపెట్టెలో పెట్టి, ముద్ర వేసి పంపుతుంది. దాని లోపల ఏం రాసి ఉందో ఎవరూ చదవలేరు. మా వాడలు ఎంత పొడవో, ఎవరు ఎప్పుడు పడుకుంటారో, ఏ మూల దుమ్ము ఎక్కువో దానికి తెలియదు. అందుకని ఒక్కో వాడకు ఇక్కడి వాళ్లే ఒక చిన్న స్క్రిప్టు రాసిపెడతారు. గుండె అయిదు నిమిషాలకొకసారి ఆ స్క్రిప్టులోని ఫంక్షన్‌ను పేరు పెట్టి పిలుస్తుంది: లోపల ఎందరు? ఫంక్షన్ ఒక అంకె తిరిగి ఇస్తుంది. అంకెను బట్టి గుండె గాలి వదులుతుంది. సున్నా అయితే గాలి కట్టేస్తుంది. చలువ వృథా పోకుండా తలుపు కూడా బిగిస్తుంది.

గాలి విషయంలో నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవాళ్లకు మా చట్టంలో ఒకటే శిక్ష. పైకి పంపుతారు. వేసవి ముగిసేదాకా తిరిగి లోపలికి రానివ్వరు. ఇంకా 119 రోజులున్నాయి. ఇప్పటిదాకా ఇద్దరిని పంపారు. ఇద్దరూ తిరిగి రాలేదు.

విచారణ 77వ రోజున.


నమోదు 2
72వ రోజు, ఉదయం 8:15

నిన్న రాత్రి పైన ముగ్గురినీ పూడ్చారు. నేల వేడికి గొయ్యి తవ్వేవాళ్లు చెప్పుల కింద గోనెపట్టలు కట్టుకున్నారు.

ఈ ఉదయం అందరూ నిద్రకు పోకముందే ఓబులేసుతో కలిసి ఏడో వాడ తలుపు చూశాను. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లుగా మేస్త్రి. తలుపు పైన, కుడి పక్క, బొటనవేలంత గాజు కన్ను ఉంది. వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ లెక్కపెట్టేది అదే. దాని మీద తెల్లటి దుమ్ము పేరుకుని ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. రెండు మిల్లీమీటర్లు.

"గోరుతో గీకు మద్దిలేటీ," అన్నాడు ఓబులేసు. "పిండి మాదిరి రాలతాంది సూడు. పక్కనే కొత్త కోత మిషను పెట్టినారు గదా, ఆ దుమ్మే ఇది."

"ఈ సంగతి హుసేనమ్మకు తెలుసా?"

"తెలుసునా అంటావేంది! ఆయమ్మే మూడు తూర్లు ఆఫీసుకు రాసిచ్చె. మిషనన్నా జరపండి, కంటికి మూతన్నా పెట్టండి అని. మూత పెట్టేదానికి యాడాదైనా చాలదేమో. మిషను పెట్టేదానికి ఒగ పూట పట్టె."

ఆ ఉత్తరాల నకళ్లు చూశాను. 58, 63, 66వ రోజులవి. మూడింటి మీదా ఆఫీసు ముద్ర ఉంది. మూడింటికీ జవాబు లేదు.

కన్ను మూసుకుపోతే స్క్రిప్టు ఏం చెబుతుందని అడిగాను. ఓబులేసుకు స్క్రిప్టులు చదవడం రాదు. అయినా తడుముకోలేదు.

"ఏమీ చెప్పదు. యాల చెప్తాది? తెలీకుంటే చెప్పగూడదు. అది మా గుంత కట్టుబాటు."

ఆ కట్టుబాటు నాకు తెలియదు. నేను పొలాల వైపు నుంచి వచ్చినవాణ్ని. ఆయన వివరించాడు. గుంతలో రాయి పగలగొట్టడానికి మందుతూటా పేల్చేముందు మేస్త్రి గట్టు మీద నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. "ఉండా" అని పలికినవాడు గట్టెక్కినట్టు.

"పలకలేదనుకో?"

"లోపలున్నట్టు. అంతే. పలకనోడు లోపలున్నట్టే. వాడు కండ్లబడేదాకా వొత్తికి నిప్పు పెట్టేదిల్యా. ఒగసారి సుంకులుగాడు తాగి, బండిచాటున పండుకోని పలకల్యా. మూడు గంటలు గుంతంతా ఎతికినాం. దొరికినాక నాలుగు తన్నినాం, అది వేరే సంగతి. పేల్చల్యా గదా?"

మా గనిలో స్క్రిప్టులు రాసే పదకొండు మందీ రాళ్లు కొట్టినవాళ్ల బిడ్డలే. వాళ్లు రాసిన అన్ని స్క్రిప్టుల్లోనూ ఇదే పద్ధతి ఉంది. తెలిస్తే అంకె ఇస్తాయి. తెలియకపోతే ఏమీ ఇవ్వవు. ఏమీ ఇవ్వలేదంటే, లోపల మనిషి ఉండవచ్చు, ముట్టుకోవద్దు అని అర్థం.

గుండెను తయారుచేసినవాళ్లు ఎప్పుడూ గుంతలో దిగలేదు.


నమోదు 3
73వ రోజు, ఉదయం 10:00

హుసేనమ్మను పాత నీళ్ల కొట్టులో ఉంచారు. పదిహేను నిమిషాలు మాట్లాడనిచ్చారు. ఆమెకు ముప్పై నాలుగేళ్లు. ఎనిమిదేళ్లుగా ఏడో వాడ స్క్రిప్టు ఆమెదే. నా పుస్తకం అడిగి తీసుకుని, జ్ఞాపకం మీద రాసి చూపించింది.

ఫంక్షన్ లోపల_ఎందరు
    కన్ను మసకైతే: తిరుగు
    లేకుంటే: తిరుగు లెక్క

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతేన్నా. మొదటి వరసలో 'తిరుగు' తర్వాత ఏమీ రాయల్యా, సూడు. ఉత్తచేతుల్తో తిరిగి రమ్మని."

"ఎనిమిదేళ్లలో ఎప్పుడైనా అలా ఉత్తచేతులతో వెళ్లిందా?"

"నూరుసార్లు పోయింటాది. గాలిదుమ్ము లేచిన ప్రతిసారీ పోతాది. గాలి ఎట్లుండేది అట్లే వదిలేసి, నా ఇంట్లో గంట కొట్టేది గుండె. నేను నిద్ర లేచి పోయి, కన్ను తుడిచి వచ్చేదాన్ని."

"మరి మొన్న?"

"గంట కొట్టల్యా."

69వ రోజున గుండెను మార్చారు. పాత పెట్టె తీసి కొత్తది పెట్టారు. దాంతోపాటు వచ్చిన మార్పుల కాగితం తలుపు తలుపుకూ అంటించారు. నా దగ్గరా ఒకటుంది. పద్నాలుగు వరుసలు. పదకొండో వరుస ఇది: "ఖాళీ జవాబుల నిర్వహణ సరళీకరించబడింది."

ఎవరు సరళీకరించారు, ఎలా సరళీకరించారు, ఇకపై ఖాళీ జవాబు వస్తే ఏమవుతుంది, ఏదీ లేదు. నాలుగు మాటలు. నేను పత్రికవాణ్ని. ఆ వరుస చదివి కూడా, ఏమిటని ఆఫీసును అడగలేదు. అది నా తప్పు. ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

"నేనూ చదివినా అన్నా ఆ ముక్క," అంది హుసేనమ్మ. "గంట మోత తగ్గిస్తాండారేమో అనుకున్యా. ఖాళీగా వచ్చినదాన్ని సున్నా అనుకుంటాదని కలగన్నానా? సున్నా వేరు, ఏమీ చెప్పకపోవడం వేరు. కూలిజనానికి తెలుసు ఆ మాత్రం. అంత పెద్ద పెట్టెకు తెలీదా?"

కాపలావాడు సమయం అయిందన్నాడు. ఆమె పుస్తకం నా చేతికిచ్చింది.

"నా తప్పు లేదని రాస్తావేమో. రాయి. ఉలిగమ్మవ్వ నాకు పురుడు పోసిందన్నా. షమీమను దినామూ ఎత్తుకుంటాంటి. ఆ మిషను కాడికి నేనే గునపం తీస్కపోయి పగలగొట్టింటే పోయేది. ఉత్తరాలు రాసుకుంట కూర్చున్యా."


నమోదు 4
74వ రోజు, సాయంత్రం 5:20

గాలి ఆఫీసు అధికారి చంద్రహాస్ 4:30కు నన్ను లోపలికి పిలిచారు. ఆయన గదిలో 24 డిగ్రీలు. మాట్లాడింది మాట్లాడినట్టు రాస్తున్నాను.

"స్క్రిప్టు నుంచి ఖాళీ జవాబు వస్తే కొత్త గుండె ఏం చేస్తుంది?"

"చూడండి, ఒప్పందంలో స్పష్టంగా ఉంది. ఫంక్షన్ అంకె ఇవ్వాలి."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వాలండీ."

"ఇవ్వకపోతే ఏం చేస్తుందని అడుగుతున్నాను."

"అది సంస్థవారి సాంకేతిక రహస్యం. నాకూ తెలియదు. తెలియాల్సిన అవసరం లేదు."

"ఫంక్షన్‌ను పిలిచినప్పుడు జవాబు వచ్చిందా, రాలేదా అని గుండె చూసుకుంటుందా?"

"గుండె ఎలా పిలవాలో నేర్పడానికి మీరెవరు? మీరు రాసే స్క్రిప్టులు పిల్లల ఆటల్లాంటివి. గుండె అలా కాదు. వేల మంది ఇంజనీర్లు చూసిన పని."

"వాళ్లలో ఒక్కరైనా ఏ గనిలోనైనా పడుకున్నారా?"

ఆయన గడియారం చూసుకున్నారు. నేను ఇంకో ప్రశ్న వేశాను. ఆయన ఉండే పైవాడకు స్క్రిప్టు రాసేది ఎవరు?

"పైవాడకు స్క్రిప్టు లేదు. అక్కడ గాలి ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

"అంటే గుండె మిమ్మల్ని లెక్కపెట్టదు."

"అవసరం లేదు కదండీ."

బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. పుస్తకం తీసి అంకెలు రాసుకున్నాను. పైవాడలో పద్నాలుగు ఇళ్లు. నలభై ఒక్క మంది. ఈ ఏడాది వాళ్లలో ఎవరూ గాలి ఆగి చనిపోలేదు. ఏ ఏడాదీ చనిపోలేదు.


నమోదు 5
75వ రోజు, ఉదయం 7:40

గుండె ముద్ర విప్పలేం. కాని దాన్ని అడగవచ్చు. అది అయిదు నిమిషాలకొకసారి పిలుస్తుంది. మేము జవాబు ఖాళీగా పంపి, అది ఏం చేస్తుందో చూడవచ్చు.

నాలుగో వాడ ఇప్పుడు ఖాళీ. పనిముట్లు దాచుకుంటారు. అక్కడి స్క్రిప్టూ ఏడో వాడ స్క్రిప్టూ ఒకే రకం. ఉదయం 6:30కు ఎనిమిది మంది సాక్షులను పిలిచాను. అందరూ పని దిగి వస్తున్నవాళ్లే. తలుపు బిగుసుకోకుండా గడపకు అడ్డంగా రెండు గునపాలు పెట్టాం. ఓబులేసు లోపలికి వెళ్లి గడప అవతల నిలబడ్డాడు. పలకలో అంకె 1 అయింది.

6:42కు గుండె పిలిచింది. పలకలో మార్పు లేదు. గాలి వస్తోంది. ఓబులేసు తలగుడ్డ చెంగు గాలికి ఊగుతోంది.

6:44కు నేను నిచ్చెన ఎక్కి తడిపిన రాతిదుమ్మును కన్ను మీద పూశాను.

6:47కు గుండె పిలిచింది. స్క్రిప్టు ఉత్తచేతులతో తిరిగింది. ఎంత సేపు పట్టిందో నేను లెక్కపెట్టలేదు. సాక్షులు నాలుగు సెకన్లని ఒకరు, అయిదని ఒకరు అన్నారు. పలకలో 1 పోయింది, 0 వచ్చింది. తలగుడ్డ చెంగు వాలిపోయింది. తలుపు కదిలి వచ్చి గునపాలను కొట్టింది. వెనక్కి పోయి మళ్లీ కొట్టింది. గునపం వంగింది.

ఓబులేసు గడప మీదికి వచ్చి, మెడ పైకెత్తి పలక వైపు చూశాడు. ఆయనకు స్క్రిప్టు రాదు గాని అంకెలు వచ్చు.

"నేను నిలబడుండాను గదరా," అన్నాడు. "అయిదడుగుల ఏడంగుళాలు ఉండాను. నేను సున్నానా?"

ఆయన చేతిలోని మంచినీళ్ల చెంబును పలక మీదికి విసిరాడు. పలక పగలలేదు. చెంబు సొట్టపోయింది. తలుపు అప్పటికి ఏడోసారి గునపాన్ని కొడుతోంది.

సాక్షుల్లో ఆరుగురు సంతకాలు పెట్టారు. ఇద్దరు వేలిముద్రలు వేశారు. ఓబులేసు తొమ్మిదోవాడిగా సంతకం పెడుతూ పేరు పక్కన వయసు, ఎత్తు, బరువు కూడా రాయించాడు.


నమోదు 6
76వ రోజు, సాయంత్రం 6:00

పరీక్ష వివరాలతో వార్త రాసి మా పత్రికకు మూడుసార్లు ఇచ్చాను. మా గోడపత్రికకు కాగితం ఇచ్చేది గాలి ఆఫీసు. వార్త వేయలేదు. నోటీసు మాత్రం రెండోసారి వేశారు. అందుకే అన్నీ ఈ నమోదుల్లోనే రాసి ఉంచుతున్నాను.

అనిలోదయ గుండె ఉన్న గనులు మాది కాక ముప్పై రెండు. వాటిలో తొమ్మిదింటితో రేడియోలో మాట్లాడాను. తొమ్మిదింటికీ 69వ రోజునే కొత్త గుండె వచ్చింది. ఆరింటిలో స్క్రిప్టులు మాలాగే తెలియకపోతే ఏమీ చెప్పవు. ఒక గనిలో ఈ వారంలోనే రెండుసార్లు గాలి ఆగిందట. ఆ రెండుసార్లూ వాడలో ఎవరూ లేరు. అందరూ పెళ్లికి వెళ్లారు.

ఆఫీసు ఈ మధ్యాహ్నం స్పందించింది. స్క్రిప్టులు రాసే మిగతా పది మంది చేతా ఒక కాగితం మీద సంతకాలు అడిగింది. "నా ఫంక్షన్ తిరిగి ఇచ్చే, లేదా ఇవ్వని, ప్రతి జవాబుకూ పూర్తి బాధ్యత నాదే."

పది మందిలో ఒక్కరూ సంతకం పెట్టలేదు.


నమోదు 7
77వ రోజు, మధ్యాహ్నం 1:30

విచారణ ఉదయం 9:00కు మొదలైంది. ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. గదిలో నూట అరవై మంది, బయట అంతకు రెట్టింపు. నిద్ర మానుకుని వచ్చారు.

నా పరీక్ష కాగితం ఇచ్చాను. అధ్యక్షుడు చదివి పక్కన పెట్టాడు.

"గుండె ముద్ర విప్పకుండా అది ఏమనుకుందో మీకెలా తెలుసు?"

"పలకలో సున్నా చూపించింది."

"పలక గుండె కాదు."

చంద్రహాస్ లేచి హుసేనమ్మను ప్రశ్నించారు.

"ఒప్పందం ప్రకారం మీ ఫంక్షన్ అంకె ఇవ్వాలా, అక్కర్లేదా?"

"ఇయ్యల్ల."

"71వ రోజు 2:17కు ఇచ్చిందా?"

"ఇయ్యల్యా."

"అంతేనండీ. నాకు ఇంకేమీ అక్కర్లేదు."

"నాకుండాది సామీ," అంది హుసేనమ్మ. "కన్నుకు దుమ్ము కమ్మింది. లోపల పందొమ్మిది మంది ఉండారో, ఇరవై ఉండారో తెలీదు. తెలీని అంకె యాడనుంచి తేవల్ల? నోటికొచ్చింది చెప్పల్లనా?"

"కనీసం ఒకటి అని ఇచ్చి ఉండొచ్చు. గాలి ఆగేది కాదు."

"ఒగరికిచ్చే గాలి పందొమ్మిది మంది పీల్చల్లనా? చిన్నగా సచ్చిపోయేవాళ్లు. అప్పుడు కూడా నన్నే ఈడ నిలబెట్టిందురు."

వెనక ఎవరో గట్టిగా అరిచారు. ఓబులేసు లేచాడు. అధ్యక్షుడు కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"ఒగే మాట సామీ. మేం అడిగితే జవాబు రాలేదని ఆఫీసు మీదికి ఎప్పుడన్నా వచ్చినామా? మూడు ఉత్తరాలు రాసె ఆయమ్మ. మీరు పలకల్యా. అంటే ఆఫీసులో ఎవురూ లేరని మేం అనుకొని, తలుపు బిగించి పోయినామా?"

నవ్వులు వచ్చాయి. నవ్వినవాళ్ల ముఖాల్లో నవ్వు లేదు. ఆయన్ను బయటికి పంపారు.

పెద్దలు లోపలికి వెళ్లి పదకొండు నిమిషాల్లో తిరిగొచ్చారు. తీర్పు: ఒప్పందం ఉల్లంఘన రుజువైంది. 79వ రోజు ఉదయం 11:00కు దూదేకుల హుసేనమ్మను పై తలుపు దాటించాలి. శిక్ష చెప్పిన వేళకు అమలు కాకపోతే, కారణం రిజిస్టరులో రాసి మళ్లీ విచారణ జరపాలన్నది చట్టంలోని మామూలు వాక్యం. అదీ చదివారు. ఎవరూ పట్టించుకోలేదు.

పదకొండు నిమిషాలు. తలుపు పెకలించడానికి ముప్పై రెండు పట్టింది.


నమోదు 8
78వ రోజు, సాయంత్రం 4:45

ఆ మామూలు వాక్యాన్ని పట్టించుకున్నవాళ్లు ఒకరున్నారు. ఈ మధ్యాహ్నం 12:20కు సాలమ్మ నా గదికి వచ్చింది. నేను రొట్టెకు జొన్నపిండి తడుపుతున్నాను. ఆమెకు యాభై రెండేళ్లు. పై గదికి స్క్రిప్టు రాసేది ఆమె. ఓబులేసునూ వెంటబెట్టుకుని వచ్చింది.

పై గది అంటే పై తలుపుకు ముందు ఉండే చిన్న గది. రోజూ సాయంత్రం పనికి పోయేవాళ్లు అందులోకి వెళ్లి నిలబడతారు. గుండె పిలుస్తుంది: లోపల ఎందరు? సాలమ్మ స్క్రిప్టు అంకె చెబుతుంది. ఇద్దరో, ఇరవై మందో ఉంటే పై తలుపు తెరుచుకుంటుంది. సున్నా అయితే తెరుచుకోదు. ఖాళీ గదికి తలుపు తెరిచి ఎండను లోపలికి రానివ్వడం దేనికని సంస్థవారి లెక్క.

"తలుపుకు చేతిచక్రం ఉండేది కదా?" అన్నాను.

"ఉండేది నాయనా. 69వ రోజే పీక్కపోయినారు. గుండె చూసుకుంటాదంట అన్నీ." సాలమ్మ పీట లాక్కుని కూర్చుంది. "రేపు హుసేనిని ఆ గదిలో నిలబెడతారు. గుండె నన్ను అడుగుతాది, ఎందరమ్మా అని. నేను ఒగరని చెప్తే గదా తలుపు తెరిచేది?"

"సున్నా అని చెబుతావా?"

"యేసయ్య తోడు, అబద్ధం చెప్పను. అంకె ఇయ్యను, అంతే. గమ్మునుంటా."

ఓబులేసు తొడ చరిచాడు. "సూడు మద్దిలేటీ! మనం గమ్మునుంటే సున్నా అనుకుంటాదో లేదో ముద్ర విప్పకుండా ఎట్ల తెలుస్తాదన్నారే? రేపు తెలుస్తాది, పెద్దలందరి ఎదురుగా. తెరుచుకోకుంటే ఎందుకో రిజిస్టరులో వాళ్లే రాయల్ల, మళ్లీ విచారణ పెట్టల్ల."

"నువ్వు అరిచి చెడగొట్టొద్దు మామా," అంది సాలమ్మ. "నిన్న విచారణలో నిన్ను బయటికి తోసినప్పుడే నాకు భయమాయె. ఇంగొక పొద్దు నోరు కట్టుకో."

"నా నోరు నా ఇష్టం. నీ స్క్రిప్టు నోరు కట్టు ముందు."

నేను అడగాల్సింది అడిగాను. చంద్రహాస్ తానే స్క్రిప్టు మార్చేస్తే? మార్చలేరు. రాయడం రాదు. మార్చే హక్కు రాసినవాళ్లదే. ఆఫీసు మార్చాలంటే సంస్థ నుంచి తాళంచెవి రావాలి. దానికి తొమ్మిది రోజులు పడుతుంది. నీ ఉద్యోగం పోతే? "పోతాది," అంది. తలుపు తెరుచుకుంటే? ఖాళీ జవాబును గుండె ప్రతి చోటా ఒకేలా చూస్తుందని మాకు రుజువు లేదు. నాలుగో వాడలో ఒకసారి చూశాం. ఏడో వాడలో ఒకసారి జరిగింది. అంతే మా దగ్గరున్నది.

సాలమ్మ చాటుగా ఏమీ చేయలేదు. 2:00 గంటలకు తను ఏం చేయబోతోందో రాసి, మిగతా తొమ్మిది మంది స్క్రిప్టు రచయితల సంతకాలతో ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంది. నేను పక్కనే ఉన్నాను. చంద్రహాస్ ఆ కాగితం రెండుసార్లు చదివారు.

"రేపు అంకె ఇవ్వమని రాతపూర్వకంగా ఆదేశిస్తున్నాను," అన్నారు.

"ఇయ్యను సామీ."

"అప్పుడు తలుపు..." అని ఆగారు.

"చెప్పండి," అన్నాను, పుస్తకం తీసి. "అప్పుడు తలుపు ఏమవుతుంది?"

ఆయన చెప్పలేదు. తెరుచుకోదు అంటే, ఖాళీ జవాబును గుండె సున్నాగా తీసుకుంటుందని తెలిసినట్టే. ముగ్గురి చావుకు కారణం తెలిసినట్టే. తెరుచుకుంటుంది అంటే, రేపు అందరి ముందూ అది నిజం కావాలి. రెంటిలో ఏదైనా ఒకటి చెప్పమని 2:25 నుంచి 2:40 దాకా నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారి కాపలావాణ్ని పిలిచారు.

3:30 నుంచి వాడవాడలా గడపలకు గునపాలు పెడుతున్నారు. ఇప్పటికి ఇరవై రెండు తలుపులు అయ్యాయి. ఇంకా అయిదున్నాయి. చలువ వృథా అవుతోందని ఆఫీసు మైకులో చెబుతోంది. ఎవరూ గునపం తీయలేదు. రేడియోలో మాట్లాడిన ఆరు గనుల్లోనూ ఇదే పని మొదలైందని కబురు వచ్చింది.

హుసేనమ్మకు విషయం చెప్పడానికి నన్ను లోపలికి వెళ్లనివ్వలేదు. ఆమెకు తెలియదు. రేపు పై గదిలో నిలబడేటప్పుడు, తలుపు తెరుచుకుంటుందనే నిలబడుతుంది.

ఆఫీసు బోర్డు మీద రేపటి కార్యక్రమం ఉంది. ఉదయం 10:45కు ఆమెను పై గదిలోకి తీసుకొస్తారు. పెద్దలు ముగ్గురూ, చంద్రహాస్, రిజిస్టరుతో గుమాస్తా గాజు ఇవతల ఉంటారు. 11:00కు తీర్పు చదువుతారు. 11:02కు గుండె పిలుస్తుంది.